మాస్టారిని బండెక్కించిన ఊరు

మొన్న మస్తానన్న మా ఇంటికి వచ్చాడు. కంటి ఆపరేషను కోసం రొంపిచెర్ల నుంచి నరసరావుపేట వచ్చి, అది అయ్యాక ఇక్కడే కూతురింట్లో ఉంటూ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, దారి అడుక్కుంటూ మా అపార్టుమెంటు మూడో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చాడు. మా నాన్న దగ్గర ఓనమాలు దిద్దినవాడు, తర్వాత మా ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసిన మెకానిక్కు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అన్న. డెబ్బై దాటినా మనిషికి ఆయాసం లేదు. నేను మాత్రం సోఫాలోంచి లేచి తలుపు తీసినందుకే గోడ పట్టుకుని నిలబడ్డాను. మంచినీళ్ళు తాగి, హాలంతా ఒకసారి కలయజూసి, కిటికీ పక్కనున్న ట్రెడ్‌మిల్లు దగ్గర ఆగాడు. దాని మీద నా చీరలు, ఒక తువ్వాలు, దిండు గలీబులు ఆరుతున్నాయి. చుట్టూ తిరిగి చూసి, వైరు ఎక్కడికి పోతుందో కనిపెట్టి, "ఇదేందే సువార్తా, బట్టలారేసుకునేదానికి కూడా కరెంటేనా?" అన్నాడు.

అది బట్టలు ఆరేసుకునేది కాదని, నడిచేదని చెప్పాను. నడిచి యాడికి పోద్ది అని అడిగాడు. ఎక్కడికీ పోదని, దాని మీద నిలబడి ఉన్నచోటే నడవాలని వివరించాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది మొద్దు పిల్లలకు ఎన్నో పాఠాలు చెప్పాను గానీ, ఇంత చేతగాకుండా ఏ పాఠమూ చెప్పలేదు. ఆయన ఇంకేమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాపం, మర్యాద తెలిసిన మనిషి.

నా ఆరోగ్య సామగ్రి దాంతో అయిపోలేదు. చేతికి ఒక వాచీ ఉంది. గంటసేపు కదలకపోతే అది చెయ్యి మీద గిలిగింతలు పెట్టి, లేచి నిలబడమంటుంది. చర్చిలో పాస్టరుగారు దీర్ఘప్రార్థన చేస్తున్నప్పుడు కూడా అంటుంది. గోంగూర పచ్చడి నూరుతుంటే మాత్రం, బ్రహ్మాండంగా నడుస్తున్నారు, ఇలాగే కొనసాగించండి అని మెచ్చుకుంటుంది. ఒకరోజు దాన్ని మా పనమ్మాయి చేతికి కట్టి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చిన వాచీ నా పేరు మీద పటాసులు కాల్చి, బంగారు పతకం బొమ్మ చూపించింది. నోరు ఊరుకోక ఆ సంగతి మస్తానన్నకు కూడా చెప్పుకున్నాను. ఇక నాతో పనిచేసి రిటైరైన టీచర్లందరూ కలిసి పెట్టుకున్న నడక గ్రూపు ఒకటి ఫోనులో ఉంది. అందులో పొద్దున్నే ఒకరు సూర్యోదయం ఫొటో పెడతారు. పక్క మీద నుంచే తీసిందని కిటికీ ఊచలు చెబుతూనే ఉంటాయి. అందరూ బొటనవేళ్ళు పైకెత్తుతారు. నేను నెలల తరబడి గడప దాటకపోయినా, నాకూ సూపర్ మేడమ్ అని వస్తూనే ఉంది. ఇంతమంది కలిసి ఇంత నిష్ఠగా నడవకుండా ఉండటం నా జీవితంలో ఎక్కడా చూడలేదు.

మాట్లాడుతూ మాట్లాడుతూ నేను పాదం పైకి పెట్టుకుని అరికాలు రుద్దుకోవడం ఆయన గమనించాడు. ఈమధ్య అరికాళ్ళలో మంటలు, చీమలు పాకినట్టు తిమ్మిర్లు. షుగరా అని అడిగాడు. తల ఊపాను. మా నాన్న నాకు పొలమేమీ ఇవ్వలేదు, ఈ ఒక్క ఆస్తి మాత్రం ఏ వాటాలూ లేకుండా నా పేరు మీదే రాసిపోయాడు. డాక్టరు ఏమన్నాడని అడిగితే, కాళ్ళు జాగ్రత్త మేడమ్ అన్నాడని చెప్పాను. ఆ మాట వినగానే మస్తానన్న నల్ల కళ్ళద్దాలు తీసి నా పాదం వంక చూశాడు. ఆ చూపు ఎవరి పాదం కోసం వెతుకుతుందో నాకు తెలుసు.

మా నాన్న దానియేలు మాస్టారు రొంపిచెర్ల బడికి హెడ్మాస్టరు. బడి వెనక సందులో పెంకుటిల్లు మాది. మా ఇంట్లో రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. నాన్న గోడకానుకుని చాప మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడితే, అమ్మ అటువైపు పొయ్యిలో తుమ్మపుల్లలు ఎగదోసేది. ఆ పొగ, కాఫీ కాగుతున్న వాసన, కోతల కాలం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు, అన్నీ కలిసి నాన్న ప్రార్థనలోకి జొరబడేవి. మిరపకాయల రోజుల్లో ఆ ప్రార్థన సగం తుమ్ములతోనే సాగేది. దేవుడికి ఏం అర్థమయ్యేదో. జ్వరం వచ్చినవాళ్ళూ, పైరు ఎండినవాళ్ళూ, పరీక్ష తప్పినవాళ్ళూ, ఊళ్ళో అందరి పేర్లూ ఆ ప్రార్థనలో వరసగా వచ్చేవి. మధ్యలో ఎవరినైనా మరిచిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. కాఫీ చల్లారిపోతుందని నేనూ అమ్మా ఆమెన్ ముందే అనేసేవాళ్ళం. ఆయన కాఫీ అంటే కాఫీ కాదు, పంచదార పాకంలో కాస్త కాఫీ చుక్క. గ్లాసు అడుగున మిగిలిన పంచదారను వేలితో తీసి నాకేదాకా ఆయనకు తెల్లవారినట్టు కాదు.

అలాంటి మనిషికి షుగరని తేలింది. నరసరావుపేట డాక్టరు రెండే చెప్పాడు. అన్నం తగ్గించండి, పొద్దున్నే ఓ గంట నడవండి. మొదటిది అమ్మ చూసుకుంది. వరి బియ్యం డబ్బా అటక మీదికి వెళ్ళిపోయింది, జొన్న సంకటి కిందికి దిగింది, పంచదార సీసా ఏ పెట్టె అడుగున దాక్కుందో అమ్మకే తెలుసు. రెండోది ఊరు చూసుకుంది.

మా పల్నాడులో నడవని మనిషి అప్పట్లో లేడు. పొలానికి నడిచేవాళ్ళు, సంతకు నడిచేవాళ్ళు, కోపమొస్తే పుట్టింటికి నడిచేవాళ్ళు. కానీ పనేమీ లేకుండా ఒక మనిషి కాలువ వంతెన దాకా వెళ్ళి, ఆ వంతెనను ఒకసారి చూసి, మళ్ళీ వెనక్కి నడిచి రావడం అనే విద్య మా ఊరికి తెలియదు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్నుతో నాన్న మొదటిరోజు రోడ్డెక్కేసరికి, అరుగు అరుగునా ఒకటే ప్రశ్న, యాడికి మాస్టారూ అని. ఊరికే అని చెప్పాడు నాన్న. ఊరికే నడిచే మాస్టారుంటాడా ఎక్కడైనా? సాయంత్రానికల్లా ఊరు ఆ ‘ఊరికే’లోంచి నానా సంగతులూ తీసింది. మాస్టారికి బదిలీ అయిందట. కాదు, పొలం బేరం చేస్తున్నాడట. అదీ కాదు, ఇంట్లో ఆవిడతో పడటం లేదట. ఈ చివరి మాట బాయి దగ్గర విని వచ్చిన అమ్మ, సంకటి ముద్ద ఆయన కంచంలో కొంచెం గట్టిగానే వేసింది.

ప్రశ్నలు పర్వాలేదు, జవాబు చెప్పుకుంటూ అయినా నడవచ్చు. బండ్లతోనే వచ్చింది చిక్కంతా. ఊళ్ళో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. మాస్టారు నడుస్తుంటే చూస్తూ పక్కనుంచి పోయే కృతఘ్నుడు మా ఊళ్ళో పుట్టలేదు. సైకిలువాడు దిగి క్యారేజీ తుడిచేవాడు. ఎడ్లబండివాడు గడ్డి సర్ది చోటు చేసేవాడు. వద్దురా, డాక్టరు నడవమన్నాడు అంటే, డాక్టర్లకేం మాస్టారూ, వాళ్ళు కార్లలో తిరుగుతారు, మీరు ఎక్కండి అనేవాళ్ళు. రెండోసారి వద్దంటే మొహం మాడ్చుకునేవాళ్ళు. మా దగ్గర బండెక్కమంటే వద్దనడం, విస్తరి ముందు నుంచి లేచిపోవడంతో సమానం. అందరికంటే ఎక్కువసార్లు ఎక్కించిన పుణ్యాత్ముడు మస్తానన్నే. కొత్తగా కొన్న మోపెడ్ ఉండేది ఆయనకు. ఇంజన్లు చూడటానికి తెల్లారేసరికి రోడ్డు మీద ఉండేవాడు. నాన్న సందు మలుపు తిరిగేసరికి వెనక నుంచి ఆ డుగుడుగు వినపడేది, అంతటితో ఆనాటి వ్యాయామం ముగిసేది. పైగా గురుభక్తి కొద్దీ హోటలు దగ్గర ఆపి, ఇడ్లీలు తినిపించి, టీలో చక్కెర దండిగా వేయించి తాగించి మరీ తెచ్చి దింపేవాడు. నడకకని వెళ్ళిన మనిషి వెళ్ళినప్పటి కంటే బరువెక్కి వచ్చేవాడు.

కోటయ్యగారి ట్రాక్టరు సంగతి వేరు. కోటయ్యగారు ఊళ్ళో పెద్ద రైతు. వాళ్ళ నాన్న కాలంలో మా తాత ఆ ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. ఆ ఇంటి బండి వెనక నడిచాడు గానీ బండిలో కూర్చున్నది లేదు. అలాంటి ఇంటి ట్రాక్టరు రోడ్డు మీద మా నాన్న పక్కన ఆగి, ఆ ఇంటి యజమాని తన పక్కన మడ్‌గార్డు మీద చోటు చూపించి, ఎక్కండి మాస్టారూ అంటే, షుగరుందండీ, నడవాలండీ అని ఏ నోటితో చెబుతాడు? ఎక్కేవాడు. ఊరంతా చూస్తుండగా, నిటారుగా కూర్చుని వచ్చేవాడు. ఆ రోజు మాత్రం అమ్మ కూడా ఏమీ అనేది కాదు. తరతరాలుగా కాళ్ళరిగేలా నడిచిన వంశానికి బండెక్కే రోజు వచ్చేసరికి, డాక్టరు వచ్చి నడవమన్నాడు.

అలా మా నాన్న నడక ఏడాదిపాటు నిరాటంకంగా ఆగిపోయింది. ఆ తర్వాత ఎడమకాలి వేలికి చెప్పు ఒరుసుకుని చిన్న పుండు లేచింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. నొప్పి తెలిస్తేగా పట్టించుకోవడానికి. పట్టించుకునే నాటికి ఇంట్లో కాఫీ వాసన పోయి డెట్టాలు వాసన వచ్చింది. రోజూ కట్టు విప్పి కడిగేది అమ్మ, గిన్నె పట్టుకునేది నేను. ఆ వేలు నల్లబడుతుంటే నాకు ఎంత భయమేసేదంటే, గిన్నెలోకి తప్ప ఇంకెక్కడికీ చూసేదాన్ని కాదు. నరసరావుపేట తీసుకెళ్ళాం. నడవమన్నానుగదయ్యా, నడిచావా అని డాక్టరు కోప్పడ్డాడు. "రోజూ బయల్దేరుతూనే ఉన్నానండీ" అన్నాడు నాన్న. అందులో అబద్ధమేమీ లేదు. వేలు తీసేశారు. ఇక్కడితో ఆగకపోతే ఈసారి తీసేది పాదమని డాక్టరు అమ్మను బయటికి పిలిచి చెప్పాడు. నేను అమ్మ కొంగు పట్టుకునే ఉన్నాను కాబట్టి నాకూ చెప్పినట్టే అయింది.

ఇంటికి తెచ్చిన రోజున ఊరంతా పరామర్శకు వచ్చింది. షుగరు మనిషిని చూడటానికి వస్తూ అరటిపళ్ళూ, బిస్కెట్లూ, ఒకరు బూందీ లడ్లూ తెచ్చారు. మా ఊరి ప్రేమ అలాంటిది, చంపినా తీపితోనే చంపుతుంది. మస్తానన్న గడప దగ్గర నిలబడ్డాడు. కోటయ్యగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, మీరేం దిగులు పడమాకండి మాస్టారూ, బడికి రోజూ మా ట్రాక్టరు పంపిస్తానన్నాడు. లోపల సంకటి గెలుకుతున్న అమ్మ తెడ్డుతో సహా బయటికి వచ్చింది. మా అమ్మ ఆ ఇంటి మగవాళ్ళ ముందు అప్పటిదాకా తలెత్తి మాట్లాడింది లేదు.

"అందరికీ చెబుతన్నా, ఇనండి. ఇంకోసారి ఈయన్ని ఎవరన్నా బండెక్కించారా, ఈసారి తెగే కాలు కూడా ఆ బండి మీదే ఏసి వాళ్ళింటికే పంపిస్తా."

కోటయ్యగారు నెమ్మదిగా లేచి వెళ్ళిపోయాడు. అయిపోయింది, ఈ ఊళ్ళో ఇక మాకు నీళ్ళు కూడా పుట్టవనుకున్నాను నేను. అమ్మ లోపలికి వెళ్ళి, సంకటి కుండ ముందు కూర్చుని, ఒక్కసారి గట్టిగా ఏడ్చి, మళ్ళీ తెడ్డు తీసుకుంది.

పుండు మానాక నాన్న మళ్ళీ బయల్దేరిన రోజున, మా గేటు ముందు మస్తానన్న నిలబడి ఉన్నాడు. మోపెడ్ లేదు. మోపెడ్ లేకుండా మస్తానన్నను చూడటం మాకు అదే మొదలు. ఒంట్లో ఒక భాగం తక్కువైనట్టు ఉన్నాడు. బండి ఏదిరా అంటే, ఇంట్లో పెట్టానన్నాడు. ఇద్దరూ సందు చివరికి వెళ్ళేసరికి అక్కడ కోటయ్యగారు చేతికర్రతో నిలబడి ఉన్నాడు. పదండి అన్నాడంతే. అలా ముగ్గురూ నరసరావుపేట రోడ్డు మీద కాలువ వంతెన వైపు నడిచారు. పాపం, ముగ్గురికీ పక్కపక్కన నడిచి అలవాటు లేదు. ఏం మాట్లాడుకోవాలో తెలియక, తలలు వంచుకుని, భుజాన తువ్వాళ్ళతో, మౌనంగా నడిచారు. ఊరి చివర అరుగు మీద వేపపుల్ల నములుతున్న పోస్టుమాస్టరుగారు ఈ వరస చూశాడు. పుల్ల అవతల పారేసి, గబగబా నోరు పుక్కిలించి, భుజాన కండువా వేసుకుని, ఆయన కూడా తల వంచుకుని వెనకే నడిచాడు. వంతెన దాకా ఎవరూ పెదవి విప్పలేదు. అక్కడ ముగ్గురూ ఆగి వెనక్కి తిరిగేసరికి ఆయన గొంతు సవరించుకుని, "ఇంతకీ ఎవరండీ పోయింది?" అని అడిగాడు.

ముందు నవ్వింది కోటయ్యగారట. వంతెన గోడ పట్టుకుని నవ్వాడట. మస్తానన్న నాన్న వైపు చూపించి, మాస్టారి వేలు పోయింది సార్, దాన్ని సాగనంపుతున్నాం అన్నాడట. పోస్టుమాస్టరుగారు సిగ్గుపడి మానేస్తాడేమో అనుకుంటే, మర్నాడు ముందుగానే అరుగు మీద తయారై కూర్చున్నాడు. ఆ నలుగురి నడక అలా మొదలైంది. అప్పుడు తెలిసింది మాకందరికీ, ఇందులో ఉన్న కిటుకేమిటో. ఒంటరిగా నడిచేవాణ్ణి ఊరు బతకనివ్వదు, యాడికి అని అడుగుతుంది, ఆపి బండెక్కిస్తుంది. నలుగురు కలిసి నడిస్తే ఎవడూ అడగడు, ఏదో పెద్దమనుషుల పని మీద పోతున్నారనుకుంటాడు. నలుగుర్ని ఎక్కించుకోవడానికి సైకిలు క్యారేజీ చాలదు. నాన్నను నడవనివ్వని ఊరే, నలుగురై వచ్చేసరికి, నాన్నను కూర్చోనివ్వలేదు.

కూర్చోనివ్వకపోవడం అంటే మాటవరసకు అన్నది కాదు. ఎవరైనా పొద్దున రాకపోతే వాళ్ళ ఇంటి ముందుకు మిగిలినవాళ్ళు వెళ్ళేవాళ్ళు. తలుపు కొట్టడం, పేరు పెట్టి పిలవడం ఏమీ లేదు. గేటు ముందు నిలబడి, లోపలున్న మనిషి సొంత సంగతులు మాట్లాడుకునేవాళ్ళు, ఆ వీధి మొత్తానికీ వినపడేటట్టు. కోటయ్యగారు రాకపోతే, ఆయన కట్టుడు పళ్ళు పెళ్ళి భోజనంలో పెరుగన్నంలో పడిపోయిన సంగతి మొదలయ్యేది. అది ముగిసేలోపే ఆయన పంచె సర్దుకుంటూ బయటికి వచ్చేవాడు. పోస్టుమాస్టరుగారైతే వాళ్ళావిడ పేరు ఎత్తగానే వచ్చేవాడు. ఒకసారి ముసురు పట్టిన రోజున మా నాన్న బద్ధకించి, లోపల ప్రార్థన పొడిగించుకుంటూ పోయాడు. ఊరు అయిపోయి, తాలూకా అయిపోయి, జిల్లాలో రోగుల కోసం ప్రార్థిస్తున్నాడు. బయట మస్తానన్న గొంతు లేచింది. ఇన్‌స్పెక్టరు తనిఖీకొచ్చిన రోజున మాస్టారు కుర్చీలోనే గుర్రు పెడతంటే, రెండో తరగతి పిల్లోళ్ళు లేపటానికి భయపడి సుద్దముక్కలు ఇసిరారంట, అని ఆరంభించాడు. నాన్న ఆమెన్ కూడా అనకుండా, ఒక చెయ్యి చొక్కాలో ఒక చెయ్యి గాలిలో పెట్టుకుని పరుగెత్తాడు. అమ్మ ఆ రోజు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

రంజాను నెలలో మస్తానన్న ఉపవాసంతోనే వచ్చేవాడు. కోటయ్యగారు మాల వేసుకున్నప్పుడు చెప్పుల్లేకుండా వచ్చేవాడు. నాన్న ఉపవాస దినాల్లో ఒట్టి కడుపుతో వెళితే, పడిపోతాడేమోనని మిగిలిన ముగ్గురూ చుట్టూ నడిచేవాళ్ళు. ఇప్పుడైతే దీన్ని ఫొటో తీసి, మతసామరస్యం అని రాసి, నాలుగు గ్రూపుల్లో పెడతారు. వాళ్ళకు ఆ మాట తెలిసినట్టు లేదు. దారి పొడుగునా వాదించుకుంటూ, తిట్టుకుంటూ, పత్తి ధర దగ్గర మొదలుపెట్టి పాత తగాదాల దాకా వెళ్ళి, రేపటి నుంచి నీ మొహం చూడను అనుకుని విడిపోయేవాళ్ళు. మర్నాడు మళ్ళీ గేటు ముందు ఉండేవాళ్ళు. రాకపోతే ఏం బయటపడుతుందోనన్న భయం ఎలాగూ ఉంది.

వేలు పోయాక నాన్న నడక మారిపోయింది. ఎడమకాలు వేసి, అది నేల మీద కుదురుకుందో లేదో చూసుకున్నట్టు ఒక క్షణం ఆగి, అప్పుడు కుడికాలు తీసేవాడు. మొదట్లో కోటయ్యగారు ముందుకు వెళ్ళిపోయి, ఆగి, విసుక్కునేవాడు. తర్వాత్తర్వాత విసుక్కోవడం మానేశాడు. అలా ఎన్ని ఏళ్ళు నడిచారో. నేను చదువు ముగించి, ఉద్యోగం తెచ్చుకుని, మాచవరం, బెల్లంకొండ అంటూ బడి బడికీ తిరిగినన్నేళ్ళూ నడిచారు. డాక్టరు చెప్పిన ఆ రెండో కోత మా ఇంటికి రానేలేదు. నాన్న ముసలితనంలో, నిద్రలో, రెండు కాళ్ళతోనూ పోయాడు. ఆ రోజు అమ్మ ఆయన పాదాల మీద చేతులు వేసుకుని కూర్చుంది. కాళ్ళు నిలబెట్టి పంపించాను కదే అంది నాతో. తర్వాత అమ్మ పోయింది, కోటయ్యగారూ పోస్టుమాస్టరుగారూ పోయారు. ఊళ్ళో మా ఇల్లు వేరేవాళ్ళది అయింది.

మొన్న మస్తానన్న వెళ్ళేటప్పుడు నడక మీద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఎన్నింటికి లేస్తావే అని మాత్రం అడిగాడు. పెందలాడే లేస్తాను అన్నా అని, వాచీ మీద ఒట్టేసినట్టుగా చెప్పాను.

మర్నాడు తెల్లవారుతుండగా కింద పార్కింగులో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. మా అపార్టుమెంటులో గట్టిగా మాట్లాడటం నిషేధం. ఏళ్ళ తరబడి పక్కపక్క ఫ్లాట్లలో ఉంటూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండా బతుకుతున్న మర్యాదస్థులం మేమంతా. దుప్పటి ముసుగేసుకుని, ఎవరో తాగినవాడై ఉంటాడనుకున్నాను. అంతలో నా పేరు వినపడింది.

"మూడో అంతస్తులో ఉంటదే, సువార్తని, పెద్ద హెడ్మాస్టరమ్మ. చేతికి కట్టుకునే గడియారం ఉంది చూశావా, అది పనిపిల్ల చేతికి కట్టి ఇళ్ళన్నీ ఊడిపిచ్చి, తనే నడిచినట్టు బంగారు మెడల్ కొట్టేసిందంట." వాచ్‌మెన్‌కే చెబుతున్నాడు, కానీ మాచర్ల దాకా వినపడేటట్టు చెబుతున్నాడు. ఎదుటి ఫ్లాటు బాల్కనీ తలుపు తెరుచుకుంది. పై అంతస్తులోనూ ఒకటి తెరుచుకుంది. "ఇదేముందిలే, దీని చిన్నప్పుడు ఒకసారి ఏమైందనుకున్నావు, వాళ్ళమ్మ అటక మీద దాచిన అరిసెల కుండలో తలకాయ పెట్టి..."

ఆ అరిసెల కుండ సంగతి ఎక్కడ ముగుస్తుందో నాకు తెలుసు. జుట్టు ముడి వేసుకుంటూ, కాలికొక రకం చెప్పుతో, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగెత్తాను. నా రిటైర్మెంటు తర్వాత అదే మొదటి పరుగు. కింద మస్తానన్న నల్ల కళ్ళద్దాలతో, భుజాన తువ్వాలుతో, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. వాచ్‌మెన్ మొహం చూస్తే, కుండ సంగతి మిగతాది తెలిస్తే గానీ డ్యూటీ చేసేటట్టు లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అదే సమయంలో, దేవుడా, ఎంత హాయిగా అనిపించిందో. నేను రాలేదని ఒక మనిషి గేటు ముందు నిలబడి ఎన్నేళ్ళయిందో.

ఇద్దరం రోడ్డు మీదికి వచ్చాం. కొంతదూరం వెళ్ళాక, ఆయన నెమ్మదిగా నడవడం గమనించాను. అడుగు వేసి, ఒక క్షణం ఆగి, మళ్ళీ అడుగు. నిన్న మెట్లెక్కి వచ్చిన మనిషికి ఇంతలో ఏమైందా అనుకుని, కాళ్ళు నొప్పులా అన్నా, కూర్చుందామా అని అడిగాను.

"నాకెందుకే నొప్పులు? మీ నాన్న నడక ఇది. అన్నేళ్ళు ఆయన పక్కన నడిచినాక ఇంకో నడక యాడ వచ్చుద్ది?" అన్నాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆయనే అన్నాడు. "ఊళ్ళో ఇప్పుడు నాతో కొత్తోళ్ళు చేరార్లే, కుర్రోళ్ళు, మీ నాన్న మొహం కూడా ఎరగరు. ఆళ్ళూ ఇట్టనే నడుస్తన్నారు, ఎడంకాలు ఏసి ఆగి. ఎందుకో ఆళ్ళకు తెలవదు. నేనూ చెప్పలా."

నేను ఎడమకాలు వేసి, కొంచెం ఆగాను.